కామేశ్వరరావు మునగచెట్టుకి జర్మన్ పేరు

ఐర్లాండ్‌లోని లీక్స్‌లిప్ ఊళ్లో తెలుగువాళ్లెవరైనా కామేశ్వరరావుకి ఎదురుపడితే క్షేమంగా బయటపడే మార్గం ఒక్కటే. నోరు మెదపకుండా నవ్వేసి తప్పుకోవాలి. నోరు మెదిపారా, అయిపోయారు. మీరన్న మాటల్లో ఏదో ఒకదాని జుట్టు పట్టుకుంటాడు. "అల్మారా అన్నారా? అది మనది కాదండీ. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చి మన నోట్లో పెట్టారు. ఇక్కడివాళ్లు దాన్నే ప్రెస్ అంటారు, ఎందుకో తెలుసా?" మీకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. చేతిలో పాల సీసా కారుతోంది, కారులో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆయనకవేం పట్టవు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరింట్లో పెరిగిందో, ఏ రేవులో ఓడెక్కిందో అంతా చెప్పిగానీ మిమ్మల్ని వదలడు.

అలాగని ఆయన భాషాపండితుడేం కాదు. రేపల్లె దగ్గర పుట్టి, గుంటూరులో పాలిటెక్నిక్ చదివి, సింగపూర్‌లో కొన్నేళ్లు పనిచేసి, కూతురు లోహిత ఇంకా పాకుతుండగా ఐర్లాండ్ వచ్చి, కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో చేరిన మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆ ఉద్యోగమే ఈ జబ్బుకి కారణమని భార్య ఊర్మిళ అంటుంది. షిఫ్టంతా నెత్తి నుంచి కాలిదాకా తెల్ల సూటు, మూతికి మాస్కు, దుమ్ము రేణువు దూరడానికి వీల్లేని గది. అందులో మాట్లాడేందుకు ఉండదు, మాట్లాడినా మిషన్ల హోరులో పక్కవాడికి వినపడదు. లోపల ఊరిందంతా షిఫ్టు దిగి సూటు విప్పగానే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఎక్కువసార్లు ఆ నెత్తి ఊర్మిళదే. పాపం ఆవిడ బ్లాంచర్డ్స్‌టౌన్ ఆసుపత్రి ల్యాబ్‌లో రోజంతా రక్తాలు చూసి ఇంటికొస్తుంది, వచ్చాక కుక్కర్ అనే మాటకి తాతముత్తాతలెవరో వింటూ పప్పు కడుగుతుంది. ఇన్నేళ్లలో ఆవిడ ఒక విద్య నేర్చుకుంది. వినకుండానే సరైన చోట ఊఁ కొట్టడం.

మాటల తర్వాత ఆయనకి అంత ప్రాణం ఇంకొకటి ఉంది. మునగచెట్టు.

అవును, ఐర్లాండ్‌లోనే. అద్దె ఇంటి వెనకాల చుట్టూ అద్దాలున్న చిన్న గది ఒకటుంది. సూర్యుడు ఏడాదిలో ముప్పావు భాగం మొహం చాటేసినా ఇక్కడివాళ్లు దాన్ని సన్‌రూమ్ అనే అంటారు. ఉతికిన బట్టలు ఆరేసుకోడానికి బాగుంటుందని ఊర్మిళ ముచ్చటపడి ఈ ఇల్లు ఒప్పుకుంది. ఆ ముచ్చట తీరలేదు.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో టైటస్ అనే మలయాళీకి కూరగాయల కొట్టు ఉంది. ఒకసారి అక్కడ మునక్కాయలన్నీ ముదిరిపోయి వచ్చాయి. "ఇవి కాయలా, కర్రలా?" అని కామేశ్వరరావు పోట్లాట పెట్టుకున్నాడు. పోట్లాట కాస్తా మీ మురింగ ముందా, మా మునగ ముందా అనే దాంట్లోకి దిగింది. వెనకాల క్యూ పెరిగిపోతుంటే టైటస్ ఓ ముదురు కాయ తీసి ఆయన సంచిలో పడేసి, "విత్తనాలకి పనికొస్తుంది సర్, ఊరికే తీసుకోండి" అన్నాడు. మనిషిని వదిలించుకోడానికి ఇచ్చాడు గానీ, కామేశ్వరరావు దాన్ని సవాలుగా తీసుకున్నాడు.

ఆ గింజల్ని ఖాళీ పెరుగు డబ్బాల్లో పెట్టాడు. మొలిచినవాటిలో చాలా మొలకలు ఇక్కడి చలికాలం మొహం చూడగానే తల వాల్చేశాయి. ఒక్కటి మాత్రం మొండిగా నిలబడింది. దానికోసం సన్‌రూమ్‌లో నేలమీది పలక ఒకటి లేపి, కింద మట్టి తవ్వి నాటాడు. ఇంటాయనకి చెప్పలేదు. ఆ పెద్దమనిషి ఒకసారి బాయిలర్ బాగుచేయించడానికి వచ్చి, గది మధ్యలో నేలలోంచి చెట్టు లేచి ఉండటం చూశాడు. మెడ పైకెత్తి చివరిదాకా చూసి, "గ్రాండ్" అని, బాయిలర్ వైపు వెళ్లిపోయాడు. ఈ దేశంలో గ్రాండ్ అంటే అద్భుతమని కాదు, పోనీలే అని.

ఇక ఆ చెట్టుకి జరిగిన సేవలు కన్నపిల్లకి జరగలేదు. చలికాలం దానికి ప్రత్యేకంగా హీటర్. పైకప్పు అద్దానికి తల తగలగానే క్షవరం. మొదట్లో తేమ చేరకుండా మొదలు చుట్టూ పాత తువ్వాలు. లోహిత చిన్నప్పుడు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఊర్మిళ, ఈ చెట్టు ఆకు పసుపుపచ్చగా మారితే సెలవు పెట్టింది కామేశ్వరరావు. అలా ఒక వేసవిలో అది పూసింది. అద్దాల గదిలోకి తేనెటీగ ఎలా వస్తుంది? లోహిత బొమ్మలేసుకునే కుంచె తీసుకుని ఈయనే తేనెటీగ అయ్యాడు. చివరికి రెండంటే రెండు కాయలు వేలాడాయి.

ఆ రెండు కాయలకీ బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి కూడా జనం వచ్చారు. ఊర్మిళ పెద్ద గిన్నెడు సాంబారు కాచింది. మనిషికో వేలెడు ముక్క వచ్చింది. ప్రసాదంలా కళ్లకద్దుకుని నమిలారు. "అన్నగారూ, ఈ దేశంలో మునగ కాయించిన మగాడు మీరొక్కరే" అన్నాడు స్నేహితుడు చక్రధర్, ఇంకో గరిటె సాంబారు కోసం గిన్నె చాపుతూ. మన ఊళ్లలో మనిషిని మాటలతోనే మునగచెట్టు ఎక్కిస్తారు. కామేశ్వరరావుకి ఎక్కడానికి చెట్టు కూడా సిద్ధంగా ఉంది. ఎక్కాడు, చాలాకాలం దిగలేదు.

దింపింది ఇంటాయనే. ఒళ్లు బాగుండటం లేదు, ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి పోతున్నానని కబురుపెట్టాడు. లీజు ప్రకారం గడువిచ్చాడు, మర్యాదగానే చెప్పాడు. ఎక్కడ వెతికినా దగ్గర్లో ఇల్లు దొరకలేదు. ఆఖరికి నగరానికి ఆ చివర చెర్రీవుడ్‌లో ఒక ఫ్లాటు కుదిరింది. లోహిత కాలేజీకి లూవాస్ ట్రామ్‌లో నేరుగా వెళ్లొచ్చు. ఊర్మిళకి పైఅంతస్తు, కొత్త వంటిల్లు. కామేశ్వరరావుకి ఉత్తరం వైపు బాల్కనీ, అందులో కుర్చీ వేస్తే మోకాళ్లు రెయిలింగుకి తగులుతాయి. మట్టి అనేది ఆ మేడ మొత్తంలో లేదు.

కొమ్మ కొట్టి తీసుకెళ్లి కుండీలో పెట్టుకోవచ్చుగా అని మీకు తోచే ఉంటుంది. అందరికీ తోచింది. ఆయన అంతకుముందే ఎన్నోసార్లు పెట్టి చూశాడు. మన దగ్గర విరిచి కంచెలో గుచ్చితే చిగురేసే కొమ్మ, ఇక్కడి తేమకి వేరు పోసేలోపే కుళ్లిపోయింది. చెట్టుని పెళ్లగించి మోసుకుపోదామంటే దాని తల్లివేరు ఎంత లోతుకి దిగిందో దేవుడికే తెలియాలి. గింజలంటారా, కాసిన రెండు కాయల్నీ గింజలతో సహా జనం నమిలేశారు. అంటే చెట్టు ఇక్కడే ఉండాలి. ఉండాలంటే ఇల్లు కొనేవాళ్లు దాన్ని బతకనివ్వాలి.

"ఎవరో వస్తారు, కొట్టేస్తారు. మీరు దానికి సిద్ధపడండి" అంది ఊర్మిళ. ఆవిడ కటువుగా ఏం అనలేదు. ఆయన ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు. మాటల మనిషి మాట్లాడకుండా లేచిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడే తెలిసింది. అదీ ఆవిడకి నచ్చలేదు.

ఇల్లు చూడ్డానికి జనం రావడం మొదలైంది. ఏజెంటు కుర్రాడు అందర్నీ సన్‌రూమ్ దాకా తీసుకొచ్చి, "ఆ వస్తువు తీయించేస్తారు, కంగారు పడకండి" అనేవాడు. చెట్టుని వస్తువన్నందుకు వాడి మీద కామేశ్వరరావుకి పుట్టెడు కోపం. కానీ ఏమనగలడు, తన ఇల్లా?

అందరిలోకీ ఇల్లు నచ్చి ఆగిపోయింది ఒక జంట. ఆయన డోనల్, ఇక్కడివాడే. పొడుగాటి మనిషి, ఆదివారం వంట తనదేనని వచ్చీ రాగానే గర్వంగా చెప్పుకున్నాడు. ఆవిడ యుట్టా, జర్మనీ మనిషి, బడిలో జర్మన్ చెబుతుంది. మాటలన్నీ ఇంగ్లిషులోనే నడిచాయనుకోండి, మనం తెలుగులో చెప్పుకుందాం. డోనల్ సన్‌రూమ్ మధ్యలో నిలబడి చేతులు చాపి, "భోజనాల బల్ల ఇక్కడే వేద్దాం. ఆదివారం మధ్యాహ్నం, ఎండ, రోస్టు. ఈ చెట్టు తీసేస్తే చాలు" అన్నాడు. కామేశ్వరరావు వెళ్లి గోడకి ఆనుకున్నాడు.

యుట్టా మాత్రం ఆకు వేళ్లతో తడిమి, ఫోనుతో ఫొటో తీసి, తెరమీద వచ్చిన పేరు పైకి చదివింది. "మేర్‌రెట్టిష్‌బౌమ్."

"ఏమన్నారు? ఇంకోసారి అనండి" అన్నాడు కామేశ్వరరావు. అంతవరకూ గోడకి ఆనుకుని ఉన్నవాడు ముందుకొచ్చేశాడు. ఊర్మిళ వంటింట్లోంచే ఆ గొంతు విని, అయిపోయింది, పాపం ఆవిడ, అనుకుంది.

యుట్టా విడమరిచి చెప్పింది. బౌమ్ అంటే చెట్టు. రెట్టిష్ అంటే ముల్లంగి. మేర్ అంటే సముద్రం. మేర్‌రెట్టిష్ అంటే హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప, రోస్టు మాంసంలోకి తురుముకుని నంజుకుంటారు. దాని చెట్టన్నమాట ఇది. "సముద్రానికీ ముల్లంగికీ సంబంధం ఏమిటండీ?" అని ఈయన అడిగాడు. ఆవిడ నవ్వింది. "మాకే తెలీదు. సముద్రం దాటి వచ్చింది గనక ఆ పేరని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. మా అమ్మమ్మ అయితే అది సముద్రం కాదు, ఆడగుర్రం అనేది. పాత జర్మన్‌లో దానర్థం పెద్ద ముల్లంగి, అంతేనని కొందరు పండితులంటారు. ఆ తగువు ఇంకా తేలలేదు."

తగువు తేలలేదు. ఈ ఒక్క ముక్క చాలు కామేశ్వరరావుకి. ఆవిడ వెళ్లేసరికి ఆయన కళ్లలో వెలుగొచ్చింది. ఆ వారమంతా లైబ్రరీ పుస్తకాలు, ఫోను, షిఫ్టు మధ్య విరామాల్లో క్యాంటీన్ మూల కూర్చుని చదవడం. తన చేతిలోనే ఉన్న ఆయుధం ఏదో తెలిసొచ్చినవాడిలా తిరిగాడు. "ఇన్నాళ్లూ నేను బుర్ర తింటానన్నారుగా, ఈ బుర్రే చెట్టుని కాపాడుతుంది చూడు" అన్నాడు ఊర్మిళతో. ఆవిడ ఊఁ కొట్టింది.

గదులు కొలుచుకోడానికి ఆ జంట మళ్లీ వచ్చారు. కామేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్లని చెట్టు కిందే కూర్చోబెట్టాడు.

"డోనల్, మీ రోస్టులోకి హార్స్‌రాడిష్ ఉంటుందా?" అని మొదలుపెట్టాడు.

"అది లేకుండా రోస్టేంటి?" అన్నాడు డోనల్.

"అదే. ఇప్పుడు మద్రాసు వెళ్దాం. రెండువందల ఏళ్ల కిందటి మద్రాసు. ఇంగ్లిషు దొర ఆదివారం భోజనానికి కూర్చున్నాడు. రోస్టు వచ్చింది. హార్స్‌రాడిష్ లేదు. ఆ ఎండలో అది ఎలా పెరుగుతుంది? దొర మొహం చిన్నబోయింది. వంటవాడు పెరట్లోకి వెళ్లి లేత మునగ వేరు తవ్వి, గీరి, తురిమి పెట్టాడు. అదే ఘాటు. దొరకి ముక్కు అదిరింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, సొంత ఊరు గుర్తొచ్చింది. ఇది హార్స్‌రాడిష్ చెట్టేరా అన్నాడు. ఆ పేరు ఇంగ్లిషు పుస్తకాల్లోకెక్కింది. యుట్టా, అక్కడినుంచి మీ భాషలోకొచ్చింది. ఇంగ్లిషువాడి గుర్రాన్ని మీవాళ్లు దింపేసి మీ సముద్రాన్ని పెట్టుకున్నారు. పోతే రెట్టిష్ ఉందే, అది మీదీ కాదు, లాటిన్. రాడిక్స్. రాడిక్స్ అంటే ఏంటి? వేరు. అంటే ఈ చెట్టు మహిమ అంతా ఎక్కడుంది? వేరులో. పేరులోనే చెప్పేశారు."

ఊర్మిళ టీ కప్పులు అందిస్తూ ఏదో అనబోయింది. "ఆగు ఊర్మిళా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది" అన్నాడు.

"ఇది మా దేశంలో పుట్టి ఉండొచ్చు. కానీ దీన్ని ఆదివారం బల్ల దగ్గరికి పిలిచింది, డోనల్, మీలాంటి మనిషే. దానికి సముద్రం పేరు పెట్టుకుంది మీవాళ్లు, యుట్టా. ఇద్దరివీ కలిసి ఈ ఒక్క చెట్టులో ఉన్నాయి. మీరు ఇంకెక్కడో కాకుండా ఈ ఇంటికే వచ్చారు. పేరు పెట్టి పిలిచిన బిడ్డని ఎవరైనా బయట పారేస్తారా?"

నిజం చెప్పాలంటే బాగా చెప్పాడు. ఎప్పుడూ సగంలోనే జనం పారిపోతారు గనక ఆయన చివరిదాకా చెప్పింది వినే అదృష్టం ఎవరికీ పట్టలేదు. యుట్టా కళ్లు చెమర్చాయి. డోనల్ లేచి చెట్టు మొదలు మీద చెయ్యేసి, గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు. "ఉంచుతాం. బల్ల దాని పక్కనే వేసుకుంటాం" అన్నాడు. హీటర్ కూడా చూసుకుంటామని మాటిచ్చారు.

వాళ్లు వెళ్లాక మెట్లమీద కూర్చుని ఇదంతా విన్న లోహిత కిందికొచ్చింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలోనే. "డాడ్, దట్ వాజ్ యాక్చువల్లీ క్లాస్" అంది. క్లాస్ అంటే ఇక్కడి కుర్రకారు భాషలో అదిరిందని. చిన్నప్పటినుంచి ఆయన ఏదన్నా మాట పుట్టుక ఎత్తుకుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పిల్ల. కామేశ్వరరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఊర్మిళ కూడా ఆ రాత్రి భోజనంలో ఆయన కంచంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసింది.

ఫ్లాటుకి మారారు. ఇల్లు బాగానే ఉంది, కానీ పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో ఆయనకి తెలిసేది కాదు. ఇదివరకు లేవగానే సన్‌రూమ్‌లోకి వెళ్లి మట్టి తడిమేవాడు. ఇప్పుడు బాల్కనీ తలుపు తీసి ఎదుటి ఆఫీసుల అద్దాలు చూసి మూసేసేవాడు. అదృష్టం కొద్దీ యుట్టా ఫొటోలు పంపేది. కొత్త చిగుళ్లు, ఎండలో నీడ, చెట్టు పక్కన కాఫీ కప్పు. వాటిని చక్రధర్‌కి, టైటస్‌కి, ఫ్యాక్టరీలో కనిపించినవాళ్లందరికీ చూపించేవాడు. "దత్తతిచ్చాను, మంచి ఇల్లు దొరికింది" అనేవాడు. తన మాటతో ఒక ప్రాణం నిలబడిందనే తృప్తి ఆయన మొహంలో కనపడేది. ఎంత తృప్తంటే, మనుషులతో మాట్లాడేటప్పుడు మధ్యలో వాళ్లనీ ఒకటి రెండు మాటలు అననిచ్చేవాడు.

వేసవి పోయాక ఫొటోలు తగ్గాయి. బడులు తెరిచారు, ఆవిడకి తీరికుండదులే అనుకున్నాడు. అక్టోబరులో మెసేజ్ వచ్చింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి రండి, మీ చెట్టు సంగతిలో మీకొక సర్‌ప్రైజ్ ఉంది అని.

"కాసింది" అన్నాడు కామేశ్వరరావు. ఇంక వేరే మాటే లేదు. వేసవిలో పూసుంటుంది, తలుపులు తెరిచిపెడతారు గనక నిజం తేనెటీగలే వచ్చుంటాయి, అందుకే గుట్టుగా ఉంచారు. ఆ వారమంతా కాళ్లు నేలమీద నిలవలేదు. చక్రధర్‌కి ఫోన్ చేసి చెప్పేశాడు. శనివారం టైటస్ కొట్టుకి వెళ్లి కందిపప్పు, చిన్న ఉల్లిపాయలు తెచ్చాడు. ఆదివారం పొద్దున్న ఊర్మిళ చేత సాంబారు పెట్టించాడు, ముక్కలు వెయ్యకుండా. "అక్కడికెళ్లాక కోసి వేద్దాం. ఒక పొంగు రానిస్తే చాలు" అన్నాడు.

"భోజనానికి పిలిచినవాళ్లింటికి సగం వండిన సాంబారు పట్టుకెళ్తారా ఎవరైనా?" అంది ఊర్మిళ. అంటూనే కారియర్‌లో పోసి మూత బిగించింది. కారులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడకీ లోపల ఆశగానే ఉంది.

డోనల్ తలుపు తీశాడు, ఏప్రన్ మీద మసాలా మరకలు. ఇల్లంతా రోస్టు వాసన. "మీకు వేరేగా చికెన్ చేశాను, మీరు బీఫ్ తినరని యుట్టా చెప్పింది" అంటూ నేరుగా సన్‌రూమ్‌లోకి తీసుకెళ్లాడు. గది మధ్యలో పొడుగాటి బల్ల, తెల్ల గుడ్డ, కొవ్వొత్తులు. నేలంతా కొత్త పలకలు, ఒక చివరి నుంచి ఇంకో చివరికి. కామేశ్వరరావు పలకల వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు, తోటలోకి చూశాడు.

"చెట్టేదండీ?" అన్నాడు.

"ఓపిక పట్టండి" అని డోనల్ కన్నుగీటాడు.

యుట్టా రెండు చేతులతో మూత ఉన్న పింగాణీ గిన్నె తెచ్చి బల్ల మధ్యలో, సరిగ్గా ఆయన ముందు పెట్టింది. మూత తీసింది. తెల్లటి తురుము, పైన కాస్త మీగడ. ఘాటు ముక్కుకి తగిలింది.

"మా దగ్గర మేర్‌రెట్టిష్ తవ్వడానికి చలి మొదలవ్వాలి" అంది యుట్టా. గొంతులో సంబరం, కాస్త వణుకు కూడా. "అందుకే ఇన్నాళ్లు ఆగాం. వేరు చాలా లోతుకుంది, డోనల్‌కి నడుం పట్టేసింది. ఉంచుతామని మాటిచ్చాం గనక చెట్టు పోతుందని నాకు బాధగానే అనిపించింది. కానీ మీరే అన్నారుగా, దీని మహిమంతా వేరులోనే ఉందని. ఇన్నేళ్లు దీన్ని పెంచి మాకిచ్చారు. మొదటి ముద్ద మీరే తినాలని అనుకున్నాం. సరిగ్గా మీరు చెప్పినట్టే చేశాం."

ఎవరి మీద కోపం తెచ్చుకుంటాడు? వాళ్లిద్దరూ బల్లకి అవతల నిలబడి, పిల్లలు పరీక్ష కాగితం చూపించినట్టు ఆయన మొహంలోకి చూస్తున్నారు. లోహిత తలవంచుకుని చేతిరుమాలు మడతపెడుతోంది. కామేశ్వరరావు చెంచా తీసుకున్నాడు. కాస్త నాలుక మీద వేసుకున్నాడు. ముక్కు అదిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మద్రాసు దొర గురించి తను చెప్పిందంతా అక్షరాలా నిజమేనని ఆయనకి మొట్టమొదటిసారి తెలిసింది.

"ఎలా ఉంది?" అన్నాడు డోనల్.

"గ్రాండ్" అన్నాడు కామేశ్వరరావు.

"కొంచెమే తినండి. దాని బెరడు ఒంటికి మంచిది కాదంటారు" అంది ఊర్మిళ, అందరితోనూ.

"బెరడు శుభ్రంగా చెక్కేశాను" అన్నాడు డోనల్. ఏదో తేడాగా ఉందని ఆయనకీ అనిపించినట్టుంది. మాట మార్చడానికి ఊర్మిళ పక్కనున్న కారియర్ అందుకుని మూత తీశాడు. "ఇదేంటి, సూపా? మంచి వాసనొస్తోంది."

"సాంబారు. ఇంకా అవ్వలేదు. ఇందులో కాయ ముక్కలు వెయ్యాలి" అంది ఊర్మిళ.

"ఏం కాయలు?"

"ఈ చెట్టువే. కాసుంటాయనుకుని వచ్చాం."

యుట్టా చేతిలో చెంచా ఆగిపోయింది. "దీనికి కాయలు కాస్తాయా? వాటిని తింటారా?"

"కాయలే తింటాం" అంది ఊర్మిళ. నెమ్మదిగా, రోగికి రిపోర్టు చదివి చెప్పినట్టు చెప్పింది. "ఆకు పప్పులో వేస్తాం. పువ్వు వేపుకుంటాం. చెట్టు బతికున్నన్నాళ్లూ ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. వేరు మాత్రం మేం ముట్టుకోం."

డోనల్ కారియర్ మూత మళ్లీ పెట్టేశాడు, పెట్టి దానిమీద చెయ్యి తియ్యలేదు. యుట్టా మొహంలో రంగు పోయింది. ఆవిడ కామేశ్వరరావు వైపు తిరిగింది. నిలదీసినట్టు కాదు, నిజంగా బాధతో అడిగింది.

"అంతసేపు చెప్పారు కదండీ మాకు. ఈ ఒక్కటీ ఎందుకు చెప్పలేదు?"

కామేశ్వరరావుకి దొరలు గుర్తొచ్చారు, లాటిన్ గుర్తొచ్చింది, జర్మన్ పండితుల తగువంతా వరసగా గుర్తొచ్చింది. వాళ్లది వాళ్లకి అందంగా చెప్పాలన్న యావలో తనింట్లో ఆ చెట్టుని ఏం చేసుకు తింటారో చెప్పాలని ఆ రోజు తోచనే లేదు. చెంచా తీసి కంచం పక్కన పెట్టాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక, ఏదో చెప్పకుండా వదిలేశావని ఆయన్ని అడిగిన మనిషి ఆవిడొక్కతే.